మౌనిక మెల్లకన్ను, కోటమ్మగారి బోరు

మా వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి పోతుంటారు. కాఫీ తాగాక "మీ రోజుల్లో ఎలా ఉండేది మేడం?" అని అడుగుతారు. బదిలీల గురించీ ప్రమోషన్ల గురించీ ఏకరువు పెడితే చెప్పే నాకే ఆవులింతలు వస్తాయి, వినే వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. అందుకని పనిలో నాకు నిజంగా బుద్ధి చెప్పిన సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

నేను కంటి డాక్టర్ని కాను. డాక్టరు గది బయట కూర్చునే మనిషిని. చార్టు చదివించి, లెన్సులు మార్చి మార్చి పెట్టి, ఎవరి కంటికి ఎంత పవర్ కావాలో తేల్చడం నా పని. ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్ అన్నది కాగితాల మీది పేరు. ఊళ్ళలో నా పేరు అద్దాలమ్మ. గుంటూరులో ఒక కంటి ఆసుపత్రిలో కుదురుకున్నాను. అక్కడి నుంచే పొదిలి వైపు మెట్ట ఊళ్ళలో శిబిరాలకు తిరిగాను. తొంభైల చివర నుంచి ఆ తర్వాతి పదేళ్ళూ నా కాళ్ళు నిలిచింది లేదు. ఇంట్లోవాళ్ళు విసుక్కున్నారు గానీ నాకు మాత్రం ఆ తిరుగుడే ఇష్టంగా ఉండేది.

ఘాటు మీద నేరం

మా గుంటూరులో కంట్లో నీళ్ళు కారితే అది మిరపకాయ తప్పే. తలనొప్పి వస్తే ఘాటు. కళ్ళు ఎర్రబడితే ఘాటు. పిల్లాడు పుస్తకం ముందు కూర్చుని కళ్ళు నులుముకుంటే వాళ్ళ నాన్న కల్లం నుంచి మోసుకొచ్చిన ఘాటు. నూటికి తొంభైసార్లు అది నిజమే కావచ్చు, అందుకే మిగతావి మన కళ్ళపడవు.

మిర్చి యార్డులో రంగు పోయిన తాలుకాయలు ఏరే ఒకామె వచ్చింది. ముప్పై దాటి ఉండదు. మధ్యాహ్నం అయ్యేసరికి నుదురు పగిలిపోతోందని, కాయలు రెండుగా కనిపిస్తున్నాయని చెప్పింది. చార్టు ముందు కూర్చోబెడితే చివరి వరుసదాకా గడగడా చదివింది. చూపు దివ్యంగా ఉందని, ముక్కుకు గుడ్డ కట్టుకుని పని చేసుకోమని పంపబోయాను. మా డాక్టర్ ఎస్తేరుగారు గదిలోంచి తలుపు తీసి, "ఆమెని పంపించకు" అన్నారు.

ఎస్తేరుగారు నా మొదటి పై అధికారి. మాట కరుకు, చెయ్యి మెత్తన. పేషెంట్ల మీద ఎప్పుడూ కేకలెయ్యలేదు, ఆ కోటా అంతా మాకే. ఆ యార్డు ఆమె కంటి ముందు ప్లస్ లెన్సు ఒకటి పెట్టి మళ్ళీ చదివించమన్నారు. చదివింది. ఇంకా పెంచమన్నారు. అప్పుడూ చదివింది. అంతకంటే ముఖ్యంగా, "అమ్మయ్య, నుదురు తేలికైంది" అంది.

"చార్టు చదివింది గదా అని మురిసిపోకు. ఎంత కష్టపడి చదివిందో చూడు" అన్నారు డాక్టరుగారు. "నెత్తిన బస్తా పెట్టుకున్న మనిషీ ఊరు చేరుతుంది, ఉత్త చేతులతో నడిచిన మనిషీ చేరుతుంది. చేరారు గదా అని ఇద్దరూ ఒకటేనా?"

కనపడని బస్తా

ఇది మీకు పాఠాల్లో హైపరోపియా అని వస్తుంది. తెలుగులో దూరదృష్టి అంటున్నారు. ఆ పేరు వినగానే దూరం బాగా కనిపిస్తుంది, దగ్గర కనపడదు, అంతే అనుకుంటారు. సంగతి అంత సులువు కాదు.

కన్ను ఉండాల్సిన పొడవు కంటే రవ్వంత పొట్టిగా ఉంటుంది. లోపలికి వచ్చిన వెలుగు కంటి వెనక గోడకున్న తెర మీద కుదురుగా పడక, తెర వెనక కలవబోతుంది. చిన్న వయసులో కంటి లోపలి కండరం బిగిసి, కటకాన్ని ఉబ్బించి, ఆ బొమ్మను ముందుకు లాక్కొస్తుంది. అందుకే చూపు స్పష్టంగానే ఉంటుంది. కానీ మామూలు కన్ను దూరం చూసేటప్పుడు హాయిగా ఉంటే, ఈ కన్ను అప్పుడూ పని చేస్తూనే ఉంటుంది. దగ్గరవి చూడాలంటే ఆ పని రెట్టింపవుతుంది. సాయంత్రానికి తలనొప్పి, కళ్ళమంట, అక్షరాలు అలుక్కుపోవడం. పిల్లలైతే చదువు మీద ధ్యాస పెట్టరు, పంతులు మొద్దు అంటాడు, వాళ్ళూ అదే నమ్మేస్తారు.

నలభై దాటాక అందరికీ వచ్చే చత్వారం దీనికి చుట్టం మాత్రమే, ఇది అది కాదు. చత్వారంలో కటకం గట్టిపడి దగ్గర చూపు తగ్గుతుంది. దూరదృష్టి పుట్టుకతో ఉండే కంటి కొలత. అది ఉన్నవాళ్ళకు చత్వారం కాస్త ముందే తలుపు తడుతుంది, ఆపైన దూరం కూడా మసకబారుతుంది. రెంటికీ ప్లస్ అద్దాలే కదా అని రెంటినీ ఒకే గాటన కట్టకండి.

చిన్నపిల్లల్లో ఇంకో చిక్కుంది. మీ వేలు ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూడండి, కళ్ళు రెండూ లోపలికి తిరుగుతాయి. కండరం బిగియడానికీ కళ్ళు లోపలికి తిరగడానికీ పుట్టుకతో లంకె ఉంది. దూరదృష్టి ఎక్కువున్న పిల్లలకు ఆ కండరం పొద్దస్తమానం బిగిసే ఉంటుంది. ఆ లాగుడికి ఒక్కోసారి ఒక కన్ను ముక్కు వైపు తిరిగిపోతుంది. అదే మెల్ల. తిరిగిన కంటి నుంచి వచ్చే బొమ్మను మెదడు పక్కన పెట్టేస్తుంది. కొన్నేళ్ళు అలా వదిలేస్తే ఆ కన్ను చూడటం నేర్చుకోదు. చిన్నప్పుడే అద్దాలు పెడితే నేర్చుకుంటుంది, పెద్దయ్యాక పెడితే చాలా కష్టం. మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి.

ఇప్పుడు మౌనిక సంగతి చెబుతాను.

అదృష్టం మెల్ల

పొదిలికి అవతల ఒక ఊళ్ళో బడి వరండాలో శిబిరం పెట్టాం. అయిదేళ్ళ పిల్లను చెయ్యి పట్టుకుని తల్లి వచ్చింది. ఆమె పేరు సుబ్బులు, పిల్ల పేరు మౌనిక. వెనకాలే సుబ్బులు అత్తగారు కోటమ్మ వచ్చి, మమ్మల్ని చూసి మొహం చిట్లించుకుంది. పిల్ల ఎడమ కన్ను లోపలికి తిరిగి ఉంది.

"మెల్ల ఎప్పటినుంచి?" అని అడిగాను.

"బోరు పడ్డప్పటినుంచి" అంది కోటమ్మ, నిబ్బరంగా.

నాకు అర్థం కాలేదు. సుబ్బులు తలొంచుకుని చెప్పింది. మెట్ట పొలం, వేసిన బోర్లన్నీ చుక్క నీరు పడక గాలి కొట్టాయి. పోయినేడు చివరిసారిగా ఒకటి వేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే పిల్ల కన్ను తిరిగింది, బోరులో నీళ్ళు పడ్డాయి. చిన్న మెల్ల అదృష్టమని మనవైపు అనుకోవడం ఎటూ ఉంది. కోటమ్మకు ఇంక సాక్ష్యం అక్కర్లేకపోయింది. అప్పటినుంచి మోటారు స్టార్టరు పచ్చ మీట మౌనికే నొక్కాలి. ఇంకెవరు నొక్కినా కోటమ్మ ఊరుకోదు.

"దాని కన్ను జోలికి రాబాకండమ్మా. ఆ కంటి మీదే మేం నాలుగు మెతుకులు తింటున్నాం" అంది.

నాకు ఒళ్ళు మండింది. పిల్ల కన్ను పాడవుతుంటే మోటారు గోలేమిటని నోటిదాకా వచ్చింది. ఎస్తేరుగారు నా భుజం మీద చెయ్యేసి నొక్కారు, అంటే నోరు మూసుకోమని. ఆవిడ కోటమ్మ పక్కన బెంచీ మీద కూర్చుని, ఎంత లోతులో నీళ్ళు పడ్డాయి, మిరప ఏ రకం, తెగులు ఉందా అని తీరిగ్గా మాట్లాడారు. ఆ తర్వాతే కళ్ళ సంగతి ఎత్తారు. కన్ను తీసెయ్యడం లేదని, కొలత చూస్తామని, అంతేనని చెప్పారు. కోటమ్మ ఒప్పుకుంది గానీ ఇష్టంగా కాదు.

చిన్నపిల్లల కండరం నిద్రపోతే తప్ప అసలు కొలత తెలియదు. అందుకు మూడు రోజులు కంట్లో మందు పెట్టమని ఇస్తాం. మందు పెట్టిన రెండో రోజే కోటమ్మ మా బస మీదికి వచ్చింది. "పిల్లకి దూరం కూడా కనపడట్లా! ఏం మందిచ్చారే మీరు?" అని వీధంతా వినపడేలా అరిచింది. దూరదృష్టికి అంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు. మామూలు కంటికి ఆ మందుతో దగ్గర మాత్రమే మసకబారుతుంది. ఈ పిల్ల దూరాన్ని కూడా కండరం బలంతోనే చూస్తోంది, ఆ బలం నిద్రపోగానే దూరం పోయింది. కోటమ్మ అరుపుల్లోనే నాకు సగం పరీక్ష అయిపోయింది. కొలిస్తే రెండు కళ్ళకూ ప్లస్, ఎడమదానికి బాగా ఎక్కువ.

అద్దాలు చేయించి, మళ్ళీ అదే ఊరు వెళ్ళి పెట్టాం. కాసేపటికి కన్ను మెల్లగా జరిగి తిన్నగా వచ్చి నిలబడింది. సుబ్బులు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నా ఉద్యోగంలో అంత సంతోషం ఇచ్చే దృశ్యం ఇంకోటి లేదు. కోటమ్మ మాత్రం పిల్ల గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "యాడికి పోయింది?" అంది. పోగొట్టుకున్న వస్తువు గురించి అడిగినట్టే అడిగింది.

"అద్దాలు తీస్తే మళ్ళీ వస్తుంది" అన్నారు డాక్టరుగారు. తీసి చూపించారు. కన్ను మళ్ళీ తిరిగింది. కోటమ్మ మొహంలోకి రంగొచ్చింది.

"అయితే ఒక మాట" అంది. "మోటారు నొక్కేదాకా మా అదృష్టం మాకుంచండి. నొక్కినాక మీ అద్దాలు మీరు పెట్టుకోండి."

ఎస్తేరుగారు నవ్వి సరేనన్నారు. నాకూ మంచి బేరమే అనిపించింది. పొద్దున్నే లేచి మీట నొక్కి వస్తే రోజంతా అద్దాలు ఉంటాయి కదా. మంచి కంటికి రోజూ కొంతసేపు గుడ్డ కట్టి, మందగించిన కంటితో చూపించమని కూడా చెప్పి వచ్చేశాం.

కరెంటు వేళలు

కొన్ని నెలల తర్వాత సుబ్బులు పిల్లను గుంటూరు తీసుకొచ్చింది. ఎడమ కన్ను ఎక్కడుందో అక్కడే ఉంది. కుడి కన్ను మూస్తే చార్టులో పైనున్న పెద్ద గుర్తు తప్ప ఏదీ చెప్పలేకపోయింది. పవర్ మళ్ళీ చూశాను, సరిగ్గానే ఉంది. అద్దాల మీద ఒక్క గీత లేదు. అయిదేళ్ళ పిల్ల పెట్టుకున్న అద్దాల మీద గీత లేకపోతే మీరూ అనుమానించండి.

"అద్దాలు రోజూ పెడుతున్నారా?"

"పెడుతున్నామండీ" అంది సుబ్బులు.

"నువ్వు చెప్పవే మౌనికా. ఎప్పుడు పెడతారు?"

"కరెంటొచ్చినాక" అంది పిల్ల.

ఎస్తేరుగారు, నేను ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. పొలాలకు కరెంటు వంతులవారీగా వచ్చేది. ఒక వారం పొద్దున ఇస్తే ఇంకో వారం చీకటి పడ్డాక ఇచ్చేవారు. కరెంటు లేనిదే మీట నొక్కేది లేదు, మీట నొక్కనిదే అద్దాలు లేవు. సగం వారాలు ఆ పిల్ల నిద్రపోయే ముందు అద్దాలు పెట్టుకుంది. పొద్దున వారాల్లోనూ కోతలు పోను మీట నొక్కేసరికి పొద్దు వాలేది. కోటమ్మ మాట తప్పలేదు. చెప్పింది చెప్పినట్టే చేసింది. డాక్టరుగారిదీ రైతు కుటుంబమే, నాదీ రైతు కుటుంబమే. ఇద్దరిలో ఒక్కరికైనా కరెంటు వేళ అడగాలని తట్టలేదు. మీరు ఏ మందు ఇచ్చినా, ఏ అద్దం ఇచ్చినా, అది ఆ ఇంట్లో ఏ పని తర్వాత, ఏ పనికి ముందు వస్తుందో కనుక్కోండి. పొద్దున, రాత్రి అని మనం రాసే మాటలకు ఇంటికో అర్థం ఉంటుంది.

ఈసారి నేనే బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాను. మిరప కోతలు అయిపోయి కల్లాలన్నీ ఎర్రగా పరిచి ఉన్నాయి. కోటమ్మ ఇంకొందరు ఆడవాళ్ళతో కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. మెల్లకూ బోరుకూ సంబంధం లేదని నేను చెవినిల్లు కట్టుకుని పోరాను. ఆమె చేతిలో పని ఆపలేదు.

"నువ్వు అద్దాలిస్తావు. నీళ్ళు ఇస్తావా?" అంది.

పక్కనే ఆడుకుంటున్న మౌనికను దగ్గరికి పిలిచాను. అద్దాలు తీసి, కుడి కన్ను నా అరచేత్తో మూశాను. ఆడవాళ్ళందరినీ ముక్కుకు కట్టుకున్న గుడ్డలు విప్పి లేచి నిలబడమన్నాను, ఎవరూ మాట్లాడొద్దన్నాను.

"మీ జేజి దగ్గరికి తీసుకెళ్ళమ్మా నన్ను" అన్నాను. ఆ వైపు నాయనమ్మను జేజి అంటారు.

పిల్ల నడిచింది. నేను చెయ్యి తియ్యకుండా పక్కనే నడిచాను. ఆడవాళ్ళ ముందు ఆగి, ఒక్కొక్కరి వైపూ మొహం ఎత్తి చూసింది. పిల్ల కోటమ్మ ఎదుటికి వచ్చింది. రెండు క్షణాలు నిలబడింది. అక్కణ్ణుంచి కదిలి, ఆ పక్కన నిలబడ్డ ఇంకొకామె చీర పట్టుకుని, "జేజీ" అంది.

ఎవరూ నవ్వలేదు. ఆ చీర కట్టుకున్నామె బిత్తరపోయి కోటమ్మ వైపు చూసింది. నేను చెయ్యి తీసేశాను. పిల్ల పైకి చూసి, తప్పు తెలుసుకుని, పరిగెత్తుకుంటూ వెళ్ళి కోటమ్మను వాటేసుకుంది.

"ఆ కంటికి నేను కనపడనా?" అంది కోటమ్మ.

"ఇప్పుడు కనపడరు పెద్దమ్మా. పొద్దున లేచిందగ్గర్నుంచీ అద్దాలుంటే కనపడతారు. పెద్దదయ్యాక పెడదామంటే మాత్రం నేనేం చెయ్యలేను."

"నీళ్ళు పోతే?"

పోవు అని మాట ఇచ్చెయ్యాలనిపించింది. కానీ ఆ ప్రాంతంలో ఏ బోరు ఎన్నాళ్ళుంటుందో ఎవరికీ తెలియదు. "నీళ్ళ సంగతి నాకు తెలీదు. కంటి సంగతే తెలుసు" అన్నాను.

ఆమె చేతులు చీరకు తుడుచుకుంది. మిరపకాయలు పట్టిన చేతులని గుర్తొచ్చి, తొట్టి దగ్గరికి వెళ్ళి శుభ్రంగా కడుక్కుని వచ్చింది. నా దగ్గర అద్దాలు అడిగి తీసుకుని పిల్లకు తనే పెట్టింది.

"సుబ్బులూ, రేపట్నుంచి ఇయ్యి తీస్తే నీకూ నాకూ పడదు. మోటారు నేనే నొక్కుకుంటా" అంది.

ఆ తర్వాతి ఎండాకాలం

వానలు మొహం చాటేసిన సంవత్సరాలవి. తర్వాతి ఎండాకాలంలో కోటమ్మ బోరు ఎండిపోయిందని, మిరప తోట నిలువునా మాడిపోయిందని ఆ ఊరి బడి పంతులు గుంటూరు వచ్చినప్పుడు చెప్పాడు. పిల్లకు అద్దాలు పెట్టబట్టే ఇలా అయిందని ఊళ్ళో ఆడిపోసుకుంటున్నారట. నేనే ఆ ఇంటి మీదికి కరువు తెచ్చానని నమ్మేంత అమాయకురాలిని కాను. అయినా అన్నం సయించలేదు. అద్దాలు ఏ ట్రంకు పెట్టెలోకో పోయి ఉంటాయని, ఆ కన్ను ఇంక దక్కదని ఎస్తేరుగారితో అన్నాను. ఆవిడ ప్రార్థన చేసుకునే మనిషి. "చూద్దాం" అన్నారు, అంతే.

వాళ్ళు వచ్చారు. సుబ్బులు కూలిపనికి వెళ్ళిందట, కోటమ్మే పిల్లను తీసుకుని బస్సులో వచ్చింది. మనిషి చిక్కిపోయింది. మౌనిక అద్దాల నిండా గీతలు, ఒక పుల్లకు దారం చుట్టి ఉంది. ఆ గీతలు చూసి నాకు కళ్ళు చెమర్చాయి.

కుడి కన్ను మూసి చార్టు చూపించాను. గుర్తు ఎటు తిరిగి ఉంటే అటు వేలు చూపించమన్నాను. పెద్ద గుర్తు దగ్గరే ఆగిపోయిన పిల్ల ఒక్కో వరుసా దిగుతూ పోయింది. కింది వరుసల దగ్గరికి వచ్చేసరికి ఎస్తేరుగారు గదిలోంచి వచ్చి నా వెనక నిలబడ్డారు. చివరి వరుసలో రెండు తప్పు చెప్పింది. మా ఇద్దరికీ అది చాలు.

"పెద్దమ్మా, కన్ను వచ్చేసింది" అన్నాను. ఆమె తల ఊపింది. బోరు గురించి ఎలా అడగాలో తెలియక, "పొలం ఎలా ఉంది?" అన్నాను.

"ఏముందమ్మా, ఎండిపోయింది. దీని కన్ను తిన్నగా అయినాక నీళ్ళు యాడుంటాయి?"

నిష్ఠూరంగా అనలేదు. వాన పడక వాగు ఎండిందని చెప్పినట్టు చెప్పింది. ఇన్నాళ్ళూ నేనేదో ఆమెకు నచ్చజెప్పి గెలిచాననుకుంటున్నాను. ఆమె నమ్మకం ఆమె దగ్గర అలాగే ఉంది, ఇసుమంతైనా కదలలేదు.

"మరి అద్దాలు తియ్యలేదేం?"

"తీస్తే నీళ్ళొచ్చేయేమో. దీనికి చూపు రాదంటివి గదా."

పాత నమ్మకం పోయాక అద్దాలు పెట్టుకున్నవాళ్ళను ఎంతోమందిని చూశాను, అందులో గొప్పేమీ లేదు. ఈమె తన ఇంటి నీళ్ళు ఆ కంట్లోనే ఉన్నాయని పూర్తిగా నమ్ముతూ, రోజూ పొద్దున్నే తన చేత్తో అద్దాలు పెట్టింది. పొలం ఎండుతుంటే పెట్టింది, ఊరు తిడుతుంటే పెట్టింది. ఆ కంటికి చూపు తెప్పించింది నా లెన్సులే అనుకునేదాన్ని. ఈ పని నాకు జీతం ఇచ్చింది, పేరిచ్చింది, అన్నిటికంటే ఎక్కువగా ఇలాంటి మనుషుల ఎదురుగా కూర్చునే భాగ్యం ఇచ్చింది. అందుకు రోజూ దేవుడికి దండం పెట్టుకుంటాను.

కొత్త కొలత కోసం మౌనిక అద్దాలు తీశాను. తియ్యగానే ఎడమ కన్ను మునుపటిలాగే లోపలికి తిరిగింది. కోటమ్మ ఒక్కసారి ముందుకు వంగింది. ఆ కంటిలోకి చూస్తూ ఉండిపోయింది. నేను లెన్సులు సర్దుకుంటున్నట్టు నటించి, ఆమె చూడాలనుకున్నంతసేపు చూడనిచ్చాను.

పని అయ్యాక అద్దాల కోసం చెయ్యి చాపింది. కొంగుతో తుడిచి, పిల్ల చెవుల వెనక పుల్లలు సర్ది, తిన్నగా ఉన్నాయో లేదో వెనక్కి జరిగి చూసుకుంది.

"మళ్ళా ఎప్పుడు తీసుకురమ్మంటావమ్మా?" అని అడిగింది.